పూల్‌లో మోచేయి ఎప్పుడు కదలాలి, ఎప్పుడు కదలకూడదు: స్ట్రోక్ సరిచేసుకోవడానికి సమగ్ర మార్గదర్శి

పూల్ అంటే ఇక్కడ టేబుల్ మీద కర్రతో (క్యూతో) బంతుల్ని కొట్టి పాకెట్లలో వేసే ఆట. ఆ ఆటలో స్ట్రోక్, అంటే క్యూని ఊపి కొట్టే తీరు, గురించి ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది: "షాట్ కొట్టేటప్పుడు మోచేయి కిందికి దిగాలా, కదలకుండా ఉండాలా?" పార్లర్‌లో ఒకరు దించమంటారు, ఇంకొకరు దించితే పాడైపోతావంటారు. వీడియోల్లోనూ ఇదే గొడవ.

జవాబు ముందే చెప్పేస్తాను. టిప్ (క్యూ ముందు కొస) తెల్ల బంతిని తాకేదాకా మోచేయి దిగకూడదు. తాకిన తర్వాత దిగినా నష్టం లేదు. టిప్, బంతి ఒకదానికొకటి ఆని ఉండేది సెకనులో సుమారు వెయ్యో వంతు. ఆ తర్వాత మీ చెయ్యి ఏం చేసినా బంతికి తెలియదు.

చెప్పడానికి రెండు ముక్కలే. ఒంటికి పట్టించడమే కష్టం. కుడిచేతి వాటాన్ని దృష్టిలో పెట్టుకుని రాశాను, ఎడమచేతి వాటం వాళ్లు తిప్పి చదువుకోండి.

1. ముందు ఈ లెక్క చూడండి

క్యూ మీ ముందు చేతి బ్రిడ్జ్ (టేబుల్ మీద ఆనించిన చెయ్యి క్యూకి ఇచ్చే ఆసరా) మీద ఆని ఉంటుంది కాబట్టి అది ఏతాంలా పనిచేస్తుంది. వెనక చెయ్యి దిగితే టిప్ లేస్తుంది, వెనక చెయ్యి లేస్తే టిప్ దిగుతుంది.

పూల్ క్యూ పొడవు సుమారు 147 సెం.మీ. బ్రిడ్జ్ నుంచి టిప్ దాకా 25 సెం.మీ., బ్రిడ్జ్ నుంచి వెనక చెయ్యి దాకా 90 సెం.మీ. అనుకోండి. బంతిని తాకేలోపే మోచేయితో పాటు చెయ్యి 2 సెం.మీ. దిగిందంటే టిప్ అయిదు మిల్లీమీటర్లకు పైగా లేస్తుంది.

అయిదు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ బంతి వ్యాసం 57 మి.మీ., టిప్ వెడల్పు 12–13 మి.మీ. డ్రా షాట్ కోసం (తెల్ల బంతి ఇంకో బంతిని తాకి వెనక్కి వచ్చే షాట్, కొన్ని చోట్ల దీన్నే స్క్రూ అంటారు) మీరు బంతి మధ్యకు 12 మి.మీ. కింద గురి పెట్టారు. టిప్ వెళ్లి తగిలింది ఆరేడు మిల్లీమీటర్ల కింద. బంతికి రావలసిన వెనక స్పిన్‌లో దాదాపు సగం పోయింది. వెనక్కి రావాలనుకున్న బంతి అక్కడే ఆగిపోతుంది.

నాకు చాలాకాలం పాటు ఇదే జరిగింది. డ్రా పడకపోతే ఇంకా కిందికి గురి పెట్టేదాన్ని, ఇంకా గట్టిగా కొట్టేదాన్ని. ఒకరోజు తమ్ముడి చేత పక్కనుంచి స్లో మోషన్ వీడియో తీయించుకున్నాను. గురి పెట్టినప్పుడు టిప్ బంతి అడుగున ఉంది. చెయ్యి ముందుకు రాగానే భుజం ముందుకు తోసింది, మోచేయి కుంగింది, టిప్ దాదాపు బంతి మధ్యలో తగిలింది. అంతకాలం నేను సరిదిద్దుకున్నది గురిని. తప్పు ఉన్నది మోచేతిలో.

2. టేబుల్ దగ్గరికి వెళ్లేముందు

పార్లర్ క్యూతో ఆడేవాళ్లు ముందు క్యూనే చూసుకోవాలి. వంకర క్యూతో స్ట్రోక్ నేర్చుకుంటే ఆ వంకరకు తగ్గట్టు చెయ్యి కూడా వంకర తిరుగుతుంది.

– క్యూని టేబుల్ మీద దొర్లించండి. మధ్యలో లేచి పడుతుంటే ఇంకొకటి తీసుకోండి.
– టిప్ చదునుగా, నున్నగా మెరుస్తుంటే వద్దు. చిన్న నాణెం అంచు వంపులా గుండ్రంగా, కాస్త గరుకుగా ఉండాలి.
– చాక్‌ని టిప్ మీద పెట్టి గిర్రున తిప్పకండి. అంచుల దాకా పలచగా, సమంగా పూయండి.
– కుడి జేబులో ఫోన్, తాళాలు, పర్సు ఉంటే తీసేయండి. చెయ్యి నడుము పక్కనుంచే వెళ్లాలి, అక్కడ ఏది అడ్డొచ్చినా మోచేయి బయటికి జరుగుతుంది.
– వదులు చున్నీ, పొడుగు చేతుల చొక్కా ఉంటే బిగించుకోండి.
– ఫోన్‌కు స్టాండ్ కావాలి. ఒకసారి కుడి పక్కనుంచి మోచేయి ఎత్తులో, ఒకసారి నేరుగా వెనకనుంచి తీయాలి. వీడియో లేకుండా ఈ పని జరగదు. మోచేయి మీ కంటికి కనిపించదు, దిగుతున్నట్టు మీకు తెలియదు కూడా.

3. నిలబడే తీరు

షాట్ గీతను, అంటే తెల్ల బంతి వెళ్లాల్సిన దారిని, నిలబడే ఉండి చూడండి. వంగాక గురి వెతుక్కోకండి. కుడి పాదం ఆ గీత మీద పెట్టి, ఎడమ పాదం భుజాల వెడల్పు దూరంలో కాస్త ముందుకు, ఎడమకు వేయండి. తర్వాత నడుము దగ్గర వంగండి.

వంగాక క్యూ మీ తుంటికి రాసుకోకూడదు. రాసుకుంటే మోచేతిని బయటికి తోయకండి, పాదాలు సర్దుకుని మళ్లీ వంగండి. చేతికి దారి ఇవ్వాల్సింది ఒళ్లే.

4. బ్రిడ్జ్

వేళ్లు పరిచి, బొటనవేలు ఎత్తి, ఆ సందులో క్యూ పెట్టే ఓపెన్ బ్రిడ్జ్ చాలు. అరచేతి మడమ టేబుల్ బట్టకు నొక్కుకుని ఉండాలి. బ్రిడ్జ్ నుంచి బంతికి 20–25 సెం.మీ. దూరం, కొత్తవాళ్లకు 15–20 సెం.మీ. చాలు. దూరం పెరిగితే వెనక చెయ్యి ఎక్కువ ప్రయాణం చేస్తుంది, తప్పులు పెరుగుతాయి.

5. గ్రిప్, ముంజేయి నిలువు

ఇక్కడ తొందరపడకండి. స్ట్రోక్‌లో కనిపించే తప్పుల్లో చాలావాటి మూలం క్యూని పట్టుకున్న చోటులోనే ఉంటుంది.

పట్టు ఎంత ఉండాలంటే, కూరగాయల సంచి వేళ్లకు తగిలించుకుని నడిచినంత. సంచిని మనం పిడికిలి బిగించి పట్టుకోం, వేళ్ల కొక్కేనికి వేలాడుతుంది. క్యూ కూడా అలాగే చూపుడు వేలు, మధ్య వేలు మీద వేలాడాలి. బొటనవేలు పక్కన ఆనితే చాలు, చివరి రెండు వేళ్లు ఊరికే తాకి ఉంటాయి. మణికట్టు నిటారుగా కిందికి వేలాడాలి, లోపలికీ బయటికీ తిరగకూడదు.

ఇక పట్టుకునే చోటు:

– షాట్‌కు వంగి, టిప్‌ని బంతికి వేలు మందం దూరంలో ఆపండి.
– స్నేహితుణ్ణి పక్కనుంచి చూడమనండి, లేదా ఫోటో తీయించుకోండి.
– మోచేయి నుంచి చేతి దాకా ముంజేయి క్యూకి లంబంగా, అంటే దాదాపు నిలువుగా ఉండాలి.
– చెయ్యి మోచేతికి వెనకగా ఉంటే పట్టు ముందుకు జరపండి. మోచేతికి ముందుగా ఉంటే వెనక్కి జరపండి.
– సరైన చోటు దొరికాక క్యూకి చిన్న రబ్బర్ బ్యాండ్ వేయండి. పార్లర్ క్యూకి కూడా వేయొచ్చు, ఆట అయ్యాక తీసేయడమే.

ముంజేయి ఎందుకు నిలువుగా ఉండాలి? మోచేయి కదలకపోతే చెయ్యి ఊయలలా వంపులో తిరుగుతుంది. వెనక్కి వెళ్తే లేస్తుంది, నిలువు దగ్గర అన్నింటికంటే కిందుంటుంది, ముందుకు పోతే మళ్లీ లేస్తుంది. ఆ అడుగు బిందువు దగ్గర చెయ్యి పైకీ కిందికీ పోదు, నేరుగా ముందుకే పోతుంది. టిప్ బంతిని తాకాల్సింది సరిగ్గా అప్పుడు.

మరీ వెనక పట్టుకుంటే చెయ్యి ఇంకా దిగుతూ ఉండగానే టిప్ తాకుతుంది, అంటే టిప్ లేస్తూ తగులుతుంది. మరీ ముందు పట్టుకుంటే చెయ్యి లేస్తూ ఉంటుంది, టిప్ దిగుతూ తగులుతుంది. రెండింటిలోనూ మోచేయి అంగుళం కదలకపోయినా గురి పెట్టిన చోట తగలదు. "నా మోచేయి కదలట్లేదు, అయినా డ్రా రావట్లేదు" అనేవాళ్లు చూసుకోవాల్సింది ఇదే.

పొట్టి చేతులవాళ్లు, పిల్లలు పొడుగువాళ్లను చూసి క్యూ చివర పట్టుకోకూడదు. ఎవరి చోటు వాళ్లది.

6. వెనకనుంచి చూసుకోండి

వెనక వీడియోలో మోచేయి, మణికట్టు, క్యూ ఒకే నిలువు గీతలో కనపడాలి. భుజం కాస్త పక్కకు ఉన్నా ముంజేయి నిలువుగా వేలాడితే సరిపోతుంది. కోడి రెక్కలా మోచేయి బయటికి లేచినా, వీపు వైపు ముడుచుకున్నా చెయ్యి నేరుగా ఊగదు.

ఏతాం లెక్క పక్కలకూ వర్తిస్తుంది. వెనక చెయ్యి 1 సెం.మీ. ఒంటివైపు వస్తే టిప్ దాదాపు 3 మి.మీ. కుడికి పోతుంది. మీరు కోరని కుడి స్పిన్ పడుతుంది. చెయ్యి బయటికి పోతే ఎడమ స్పిన్.

7. స్ట్రోక్ వరస

పై చెయ్యి, అంటే భుజం నుంచి మోచేతి దాకా ఉన్న భాగం, గోడకు బిగించిన చట్రం అనుకోండి. మోచేయి తలుపు బందు, ముంజేయి తలుపు. బందు ఉన్నచోటే ఉంటుంది, తలుపు మాత్రమే తిరుగుతుంది.

– టిప్‌ని బంతికి దగ్గరగా తెచ్చి ఆపండి. ఎక్కడ కొట్టాలో అక్కడే ఉందా చూసుకోండి.
– మూడు నాలుగు సార్లు మెల్లగా ఊపండి. ఎన్నిసార్లు ఊపినా ప్రతి షాట్‌కూ అదే లెక్క ఉంచండి.
– మళ్లీ బంతి దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఇంకా మనసు కుదరకపోతే ఇప్పుడే లేచి నిలబడండి.
– మెల్లగా వెనక్కి లాగండి. వెనక్కి వెళ్లేకొద్దీ చివరి వేళ్లు కాస్త తెరుచుకోవాలి. బిగించి ఉంచితే క్యూ తోక లేస్తుంది.
– వెనక చివర ఊపిరంత సేపు ఆగండి.
– మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ బంతిలోంచి వెళ్లండి. మొదట్లోనే తోసేయకండి, అక్కడే భుజం దూరుతుంది.
– టిప్ బంతి ఉన్న చోటు దాటి 10–15 సెం.మీ. ముందుకు వెళ్లి ఆగాలి.
– లెక్కపెట్టి రెండు సెకన్లు కదలకండి. తల, మోచేయి, క్యూ ఎక్కడివి అక్కడే.

మోచేయి దిగకుండా పూర్తయిన స్ట్రోక్‌లో చివరికి చెయ్యి ఛాతీ వైపు లేస్తుంది, టిప్ బట్టకు దగ్గరగా వంగుతుంది. అది చూసి ఏదో తప్పు జరిగిందనుకోకండి, అలాగే ఉండాలి.

8. తరచూ చేసే తప్పులు, దిద్దుకునే దారి

8.1 తాకకముందే మోచేయి దిగడం

గుర్తు: డ్రా కొడితే తెల్ల బంతి తాకిన చోటే ఆగి స్టాప్ అవుతుంది, స్టాప్ కొడితే కాస్తా ముందుకు దొర్లుతుంది. మెల్లని షాట్లు బాగుండి, గట్టిగా కొట్టినప్పుడే ఇలా అయితే అనుమానం అక్కర్లేదు.

మూలం దాదాపు ఎప్పుడూ బలం కోసం ఆరాటమే. క్యూ బరువు అర కిలో పైనే, బంతి బరువు 170 గ్రాముల లోపు. ఆ బరువుకు వేగం తోడైతే చాలు, భుజం అక్కర్లేదు. వారం పాటు ఏ షాటూ సగం వేగానికి మించి కొట్టకండి. వెనక్కి లాగే దూరం తగ్గించండి. పట్టు మళ్లీ చూసుకోండి, పిడికిలి బిగిస్తే ఆ బిగువు భుజం దాకా పాకుతుంది.

8.2 తాకేముందు మోచేయి లేవడం

గుర్తు: బంతి చిన్నగా గాల్లోకి ఎగరడం, టిప్ జారి మిస్‌క్యూ అవడం, బట్టను గీకడం. డ్రా కోసం భయంగా బంతి అడుగుకు పొడిచేవాళ్లలో ఎక్కువ. టిప్ తగిలే చోటు బంతి మధ్య నుంచి అంచుకు సగం దూరం, అంటే 14 మి.మీ., దాటితే చాక్ ఎంత పూసినా జారుతుంది. మొదట 8–9 మి.మీ. కింద మాత్రమే కొట్టండి. క్యూ తోక ఎత్తడం వల్ల కాదు, బ్రిడ్జ్ చెయ్యి కిందికి చదును చేయడం వల్ల టిప్ దిగాలి.

8.3 తల లేవడం

బంతి పాకెట్లో పడిందో లేదో చూడాలన్న ఆత్రం. తల లేస్తే భుజం లేస్తుంది, భుజంతో మోచేయి. బంతి పడిన చప్పుడు విన్నాకే లేవాలని పెట్టుకోండి.

8.4 మణికట్టు తిప్పడం

గుర్తు: పొడుగు షాట్లు ఎప్పుడూ ఒకే వైపు తప్పడం. ఆట ఓడితే డబ్బు కట్టాలన్న టెన్షన్‌లో ఇది ఎక్కువ. స్ట్రోక్ ఆగాక మెటికలు చూసుకోండి. మొదట ఎటు చూశాయో చివరికీ అటే చూడాలి.

8.5 మధ్యలో బ్రేక్ వేయడం

మోచేయి కదలకూడదన్న భయంతో కొందరు చేతిని కూడా ఆపేస్తారు. టిప్ బంతిని తాకగానే వెనక్కి లాగేస్తారు. ఆపాలన్న ఆ తలపుకు చెయ్యి తాకకముందే నెమ్మదిస్తుంది. మోచేయి కదలక చెయ్యి పూర్తిగా రావడం వేరు, చెయ్యి బిగుసుకుపోవడం వేరు. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే, తాకాక మోచేయి కాస్త దిగినా సరే చెయ్యి పూర్తిగా రానివ్వండి.

9. మోచేతిని ఎప్పుడు వదిలేయొచ్చు

బ్రేక్ షాట్ (ఆట మొదట్లో బంతుల గుంపును చెదరగొట్టేది), టేబుల్ పొడుగునా వెళ్లే ఫాలో (తాకాక కూడా తెల్ల బంతి ముందుకు దొర్లే షాట్), గట్టి డ్రా. వీటిలో బంతి వెళ్లిపోయాక క్యూ ఇంకా ముందుకు పోవాలంటుంది. మోచేతిని బలవంతంగా పట్టి ఉంచితే 8.5లో చెప్పిన తప్పు వస్తుంది. బంతి పోయాక దాన్ని సహజంగా దిగనివ్వండి.

స్నూకర్ నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి చివర్లో మోచేయి దించి క్యూని సమంగా ముందుకు పంపడం అలవాటు. తాకాకే దిగుతోందని వీడియోలో తేలితే ఆ అలవాటు మార్చకండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం మోచేయి కదలని స్ట్రోకే మొదట నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. దించే పద్ధతిలో భుజం, మోచేయి రెండూ సరైన క్షణానికి కలవాలి. కదలని పద్ధతిలో సరిచూసుకోవాల్సిన కీలు ఒక్కటే.

10. సాధన

10.1 ఇంట్లో, బంతి లేకుండా (10 నిమిషాలు). డైనింగ్ టేబుల్ మీద ఖాళీ ప్లాస్టిక్ నీళ్ల సీసాను పడుకోబెట్టి, అడుగున మడిచిన తువ్వాలు పెట్టి మూతిని టిప్ ఎత్తుకు తేండి. మూతికి తగలకుండా టిప్ లోపలికి వెళ్లి రావాలి. ఖాళీ సీసా తేలిక కాబట్టి కాస్త తగిలినా కదిలి మీ తప్పు చెప్పేస్తుంది. వరసగా 20 సార్లు కదలకుండా రావాలి.

10.2 టేబుల్ నిలువునా (10 నిమిషాలు). తెల్ల బంతిని టేబుల్ మధ్య గీత మీద పెట్టి, ఎదుటి కుషన్‌కు (టేబుల్ రబ్బర్ అంచుకు) నేరుగా కొట్టి క్యూని అక్కడే ఆపండి. బంతి తిరిగి వచ్చి టిప్‌కే తగలాలి. గురి నేరుగా ఉండి కూడా కుడికి వచ్చిందంటే చెయ్యి ఒంటివైపు వచ్చింది, ఎడమకు వస్తే బయటికి పోయింది.

10.3 చారల బంతి. తొమ్మిదో నంబర్ బంతిని తెల్ల బంతి స్థానంలో పెట్టి, చార షాట్ గీత వెంట నిలువుగా ఉండేలా తిప్పండి. నడుమ కొడితే చార ఊగకుండా చక్రంలా దొర్లుతుంది. పక్కకు తగిలితే చార తడబడుతుంది. బంతి మీద పడిన చాక్ మరక కూడా చూడండి, టిప్ ఎక్కడ తగిలిందో అంత నిక్కచ్చిగా ఇంకేదీ చెప్పదు. అయ్యాక బంతి తుడిచి పెట్టండి.

10.4 స్టాప్ షాట్ (15 నిమిషాలు). రెండు బంతుల మధ్య రెండడుగుల దూరం, పాకెట్‌కు నేరుగా. తెల్ల బంతి తాకిన చోటే ఆగిపోవాలి. ముందుకు దొర్లితే టిప్ పైన తగిలింది, 8.1 చూడండి. ఆగినచోటే బొంగరంలా తిరిగితే పక్కకు తగిలింది, 6 చూడండి. పదికి ఎనిమిది వచ్చాకే దూరం మూడడుగులు చేయండి.

10.5 డ్రా మెట్లు. అదే అమరికలో తెల్ల బంతి మొదట జానెడు, తర్వాత మూరెడు వెనక్కి రావాలి. దూరం పెంచడానికి వేగం పెంచండి, గురి దించకండి.

ఈ సాధన గంట ఒంటరిగా చేయండి. పక్కన పోటీ ఉంటే చెయ్యి పాత అలవాటుకు పోతుంది. మోచేయి బయటి పక్క నొప్పి మొదలైతే ఆ రోజుకు ఆపేయండి. నాలుగైదు రోజులకూ తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి, పట్టు బిగువు కూడా మళ్లీ చూసుకోండి.

11. ప్రతి షాట్‌కు చెక్‌లిస్ట్

కాగితం మీద రాసుకుని చాక్ పక్కన పెట్టుకోండి.

☐ గీత నిలబడే చూశానా?
☐ కుడి పాదం గీత మీద ఉందా?
☐ బ్రిడ్జ్ చెయ్యి నొక్కుకుని ఉందా?
☐ చెయ్యి రబ్బర్ బ్యాండ్ దగ్గరే ఉందా?
☐ క్యూ వేళ్ల మీద వేలాడుతోందా, పిడికిట్లో ఉందా?
☐ బంతి దగ్గర ఆగానా? వెనక ఆగానా?
☐ చివరికి టిప్ బట్ట వైపు వంగిందా?
☐ బంతి చప్పుడు వినేదాకా తల దించే ఉంచానా?

వారానికోసారి వీడియో తీసి, టిప్ బంతిని తాకిన ఫ్రేమ్ దగ్గర ఆపండి. మొదట గురి పెట్టినప్పటి ఫ్రేమ్‌ని దాని పక్కన పెట్టుకుని, రెండింటిలో మోచేయి ఎత్తు స్కేలుతో కొలిచి తేడాను తేదీ వేసి రాసుకోండి.